ఒక దిర్హాం, ఒక రూపాయి

కువైట్ కస్టమర్ ఒకాయన పన్నెండున్నర దీనార్ల వస్తువు కొంటే మా సైటు ఆయన కార్డు నుంచి ఒకటింపావు దీనారు మాత్రమే తీసుకుంది. ఆయన కంప్లెయింట్ చెయ్యలేదు. ఎందుకు చేస్తాడు పాపం! తర్వాత ఇంకొకాయన, ఆ తర్వాత మరో పదిమంది. తెల్లారి లెక్కలు చూసే అమ్మాయి ఫోన్ చేసేదాకా మాకెవరికీ తెలియలేదు.

తప్పు నాదే. దుబాయ్‌లో ఒక ఆన్‌లైన్ అంగడిలో ధరలు చూపించే ముక్క నా చేతిలో ఉండేది. మాది చిన్న కంపెనీ. అప్పటిదాకా దిర్హాంల్లోనే అమ్మేవాళ్ళం. గల్ఫ్‌లో మిగతా ఐదు దేశాల వాళ్ళకీ వాళ్ళవాళ్ళ డబ్బుల్లో ధర చూపిద్దామని నిర్ణయించారు. కార్డు కంపెనీకి డబ్బు అడిగేటప్పుడు చుక్కలు లేకుండా చిల్లర లెక్కలో పంపాలి. అంటే 12 దిర్హాంల 50 ఫిల్సుకి 1250 అని పంపాలి. నేను రూపాయలు, డాలర్లు చూసి పెరిగినవాణ్ణి. ఏ డబ్బయినా వందతో గుణిస్తే చిల్లర వస్తుందని నా చేతివేళ్ళకి అలవాటు. కువైట్ దీనారుకి వంద కాదు, వెయ్యి ఫిల్సులు. 12.500 దీనార్లని 12500 అని పంపాల్సింది పోయి 1250 పంపాను. అవతలివాళ్ళు దాన్ని 1.250 గా తీసుకున్నారు.

సరిచెయ్యడానికి మూడు లైన్ల కోడు చాలింది. తిట్లు తినడానికి ఇంకొంచెం ఎక్కువ సమయం పట్టింది.

ఈ పని చేసేవాళ్ళందరికీ ఒక పట్టిక తెలుసు. ఐఎస్ఓ 4217 అంటారు. 1978లో మొదటిసారి వచ్చింది. ప్రతి దేశపు డబ్బుకీ మూడక్షరాల పేరు, దాని పక్కన చుక్క తర్వాత ఎన్ని అంకెలు ఉంటాయో చెప్పే సంఖ్య అందులో ఉంటాయి. రూపాయికి 2, డాలరుకి 2. జపాన్ యెన్‌కి 0, అంటే చిల్లరే లేదు. కువైట్ దీనారుకి 3, బహ్రెయిన్ దీనారుకి 3, ఒమన్ రియాల్‌కి 3. ఇరాక్, జోర్డాన్‌లకీ 3. కానీ పక్కనే ఉన్న దిర్హాంకి, ఖతార్ రియాల్‌కి, సౌదీ రియాల్‌కి 2.

ఆ రాత్రి తిట్లు తిన్నాక నిద్రపట్టక కూర్చుని ఆలోచిస్తే వచ్చిన ప్రశ్న ఇది: ఒకే ఎడారి, ఒకే సముద్రం, ఒకే భాష. కొందరికి వంద, కొందరికి వెయ్యి ఎందుకు? ఒమన్ వాళ్ళు చిల్లరని 'బైసా' అంటారు. అది మన పైసానే, అరబీలో 'ప' లేదు కాబట్టి 'బ' అయింది. మరి మన పైసా అక్కడికెలా పోయింది? నేను చదివింది ఇంజినీరింగు, చరిత్ర కాదు. తప్పు చేసిన కుతూహలంతో మొదలుపెట్టి వెనక్కి వెనక్కి చదువుకుంటూ పోయాను.

దుబాయ్‌లో ఒకప్పుడు మన రూపాయే చెల్లేదని చాలామందికి లీలగా తెలుసు. నాకూ అంతవరకే తెలుసు. ఎంత పూర్తిగా చెల్లేదో తెలియదు. పందొమ్మిదో శతాబ్దంలో, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ తీరమంతా బతికింది ముత్యాల మీద. ఆ ముత్యాలు కొనేది బొంబాయి. బియ్యం, బట్ట, కలప వచ్చేది హిందూస్థానం నుంచి. ఇక్కడి బ్రిటిష్ అధికారి బుషెహర్‌లో కూర్చునేవాడు, పై ఉత్తర్వులు మాత్రం భారత ప్రభుత్వం నుంచి వచ్చేవి. మస్కట్‌లో 1864లో పోస్టాఫీసు తెరిచింది మన తపాలా శాఖ. దుబాయ్‌లో 1909లో. అక్కడ అమ్మిన స్టాంపులు భారతదేశపు స్టాంపులే. 11.66 గ్రాముల వెండి రూపాయి చేతిలో పడితే బరువు తెలిసేది. కాగితం నమ్మని బెదూయిన్లు కూడా దాన్ని నమ్మారు. ఎవరూ బలవంతంగా రుద్దింది కాదు, వ్యాపారం వెంట నడిచొచ్చిన డబ్బు అది. అప్పుడిక్కడ అంగట్లో ధర అడిగితే రూపాయల్లో, అణాల్లో చెప్పేవాళ్ళు. అదే వాళ్ళ స్థానిక కరెన్సీ. మార్చి చూపించే పనే లేదు.

మొదట విడిపోయింది ఇరాక్. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్ళ సైన్యంతోబాటు అక్కడికి రూపాయి వెళ్ళింది. 1932లో ఇరాక్ సొంత దీనారు తెచ్చుకుంది. దీనారు విలువని సరిగ్గా ఒక బ్రిటిష్ పౌండుగా పెట్టారు. అప్పటికి రూపాయి అంటే 18 పెన్నీలు. పౌండు అంటే 240 పెన్నీలు. భాగిస్తే పదమూడు రూపాయలు, పైన మూడోవంతు. ఇంత పెద్ద దీనారుని వంద ముక్కలే చేస్తే ఒక్కో ముక్క రెండణాల పైమాట. మన లెక్కలో బేడ కంటే ఎక్కువ. ఆకుకూర కట్ట కొనడానికి పనికొచ్చే చిల్లర ఉండదు. అందుకని వెయ్యి ఫిల్సులు చేశారు. రూపాయికి సరిగ్గా 75 ఫిల్సులు వచ్చాయి. నన్ను తిట్లు తినిపించిన మూడో అంకెకి మూలం అదీ. పౌండంత పెద్ద నోటుతో అణా అంత చిన్న సరుకు కొనాల్సి రావడం.

1961 ఏప్రిల్ 1న కువైట్ కూడా ఇదే దారిలో దీనారు తెచ్చుకుంది. అదే పదమూడూ మూడోవంతు, అదే 75 ఫిల్సులు.

మధ్యలో ఒక్క నిమిషం స్టాంపుల దగ్గర ఆగుతాను. నా ఉద్యోగానికి ముత్తాత లాంటి పని నాకు అక్కడ దొరికింది.

1947 తర్వాత మస్కట్, దుబాయ్ పోస్టాఫీసులు కొన్ని నెలలు పాకిస్తాన్ చేతిలో ఉన్నాయి. 1948 ఏప్రిల్ 1 నుంచి బ్రిటిష్ తపాలా శాఖ తీసుకుంది. వాళ్ళ దగ్గరున్నవి బ్రిటిష్ స్టాంపులు, వాటిమీద ధర పెన్నీల్లో, షిల్లింగుల్లో. జనం చేతిలో ఉన్నవి అణాలు, రూపాయలు. ఏం చేశారు? స్టాంపు మీద రాజుగారి బొమ్మ అలాగే ఉంచి, పైన నల్ల సిరాతో కొత్త ధర గుద్దారు. కస్టమర్‌కి తన డబ్బుల్లో ధర చూపించడమంటే ఇదే కదా. మేం ఇప్పుడు చేసేది కూడా కింద అసలు ధర ఉంచుకుని పైన ఇంకో అంకె గుద్దడమే.

గుద్దిన అంకెలు చూస్తే నవ్వొచ్చింది. 1 పెన్నీ స్టాంపు మీద 1 అణా. 2 పెన్నీల మీద 2 అణాలు. 6 పెన్నీల మీద 6 అణాలు. రూపాయికి 18 పెన్నీలు, 16 అణాలు కాబట్టి అణా అంటే పెన్నీ కంటే కాస్త ఎక్కువ. అయినా సరే, ఒకటికి ఒకటి. ఇక 1 షిల్లింగు స్టాంపు, అంటే 12 పెన్నీలది. దానిమీద 1 రూపాయి గుద్దారు. మారకపు రేటు ప్రకారం అది పదకొండణాలు కూడా ఉండదు. రెండు షిల్లింగుల ఆరు పెన్నీల స్టాంపుకి 2 రూపాయలు. 1957లో మన దగ్గర నయాపైసలొచ్చాక మళ్ళీ గుద్దారు. 5 పెన్నీల స్టాంపు ఒకదానిమీద 1 నయాపైసా అని ఉంటుంది. దానికీ రేటుకీ సంబంధమే లేదు. ఒక్క పైసా స్టాంపు కావాలి, చేతిలో ఉన్నది ఆ రంగు కాగితం, అంతే.

మొదట నాకిది తప్పులతడకలా కనిపించింది. తర్వాత ఆలోచిస్తే, అది మార్పిడి కాదు, ధర నిర్ణయం. ఉత్తరానికి ఎంత తీసుకోవాలో పోస్టాఫీసు ముందే అనుకుంది. దానికి తగ్గ అంకె గుద్దింది. మేం మాత్రం గుణించి, వచ్చింది వచ్చినట్టు 13.847 అని చూపించి, ఇది మీ ధర అన్నాం. అలా చూపించిన మొదటి వారంలోనే ఒమన్ నుంచి ఒకామె రాసింది: ఈ అంకె ఎవరైనా మనిషి పెట్టిందా, మెషీను పెట్టిందా అని. ఆమె అడిగింది నిజమే. ఏ కొట్టువాడూ 13.847 అని చీటీ అంటించడు. ఇప్పుడు ప్రతి దేశానికీ ధరని దగ్గరి నిండు అంకెకి తెచ్చి, ఒకసారి మనిషి చూశాకే పెడుతున్నాం. నల్ల సిరా పోస్టుమాస్టర్లు మాకంటే ముందే తెలుసుకున్నారు.

సరే, రూపాయి కథకి వద్దాం. బంగారం లేకుండా గల్ఫ్ కథ ఉండదు కదా.

స్వాతంత్ర్యం తర్వాత భారత ప్రభుత్వం బంగారం దిగుమతిని బిగించింది. బయటి ప్రపంచంలో ఔన్సు 35 డాలర్లు. అప్పటి రేటులో పది గ్రాములు 54 రూపాయల లోపే. బొంబాయిలో మాత్రం ఇంచుమించు రెట్టింపు. దుబాయ్ వ్యాపారులు బంగారం చట్టబద్ధంగానే తెప్పించుకునేవాళ్ళు. అది పడవలెక్కి అరేబియా సముద్రం దాటి అటు తీరంలో దిగేది. బదులుగా వచ్చేవి రూపాయి నోట్లు. మామూలుగా ఏ దేశంలోనైనా దొంగ బంగారానికి ఇచ్చిన నోట్లు ఆ దేశం దాటితే కాగితాలే. ఇక్కడ మాత్రం ఆ నోట్లే బజార్లో చెల్లే డబ్బు. ఇక్కడి బ్యాంకుల్లో వేస్తే, బ్యాంకులు వాటిని రిజర్వు బ్యాంకుకి పంపి పౌండ్లు అడిగేవి. మన దేశం ఇవ్వాల్సి వచ్చేది. అంటే మనవాళ్ళ మెళ్ళో గొలుసులకి సర్కారు విదేశీ మారకంతో బిల్లు కట్టినట్టయింది.

దీన్ని ఆపడానికి 1959 మే 1న రిజర్వు బ్యాంకు చట్టాన్ని సవరించారు. గల్ఫ్ కోసం విడిగా నోట్లు అచ్చువేశారు. విలువ మన రూపాయితో సమానం, కానీ భారతదేశంలో చెల్లవు. రంగులు వేరు. పది రూపాయల నోటు ఎర్రగా ఉండేది. నంబరు ముందు జడ్ అక్షరం. హజ్ యాత్రికులకి మరో రకం నోట్లు, వాటిమీద హజ్ అని రాసి ఉండేది. అవి సౌదీలో మార్చుకోవడానికి. ఒకే రిజర్వు బ్యాంకు, ఒకే రూపాయి, మూడు రకాల కాగితం. ఎక్కడున్న మనిషికి అక్కడి నోటు. మా భాషలో చెప్పాలంటే ఒకే ధర, మూడు డిస్ప్లేలు.

గల్ఫ్ రూపాయి ఆయుష్షు ఎక్కువేమీ కాదు. 1961లో కువైట్ వెళ్ళిపోయింది. 1965లో బహ్రెయిన్ దీనారు తెచ్చుకుంది, పది రూపాయలకి ఒక దీనారు లెక్కన. అంటే వంద ఫిల్సులు ఒక రూపాయి. ఇప్పటికీ బహ్రెయిన్‌లో వంద ఫిల్సుల నాణేన్ని పాతవాళ్ళు 'రుబ్బియా' అంటారు. మా కంపెనీ బహ్రెయిన్ డ్రైవర్ నోట ఈ మాట వినే నేను మొదట ఉలిక్కిపడ్డాను. నన్ను మన రూపాయలు అడుగుతున్నాడేమో అనుకున్నాను.

1966 జూన్ 6. ఇందిరాగాంధీ ప్రధాని అయి ఐదు నెలలు కాలేదు. వరుసగా కరువు, యుద్ధం ఖర్చు, అప్పులిచ్చేవాళ్ళ ఒత్తిడి. రూపాయి విలువని 36.5 శాతం తగ్గించారు. డాలరుకి 4.76 రూపాయలు ఉన్నది 7.50 అయింది. పౌండుకి పదమూడు చిల్లర ఉన్నది 21 అయింది. మన ఊళ్ళల్లో ఆ తెల్లవారి చాలామందికి ఏం మారిందో తెలియకపోవచ్చు. బియ్యం కొట్లో రూపాయి రూపాయిలాగే ఉంది. కానీ దుబాయ్, దోహాల్లో ఇనప్పెట్టెలో ఉన్న ఎర్రనోట్లకి లండన్ సరుకు మూడోవంతు పైగా తక్కువ వస్తుంది. వాళ్ళు ఓటు వెయ్యని ప్రభుత్వం, వాళ్ళకి సంబంధం లేని కరువు. నిర్ణయం ఢిల్లీలో, నష్టం దేరా బజార్లో.

నిజానికి ఖతార్, దుబాయ్ ముందే జాగ్రత్తపడుతున్నాయి. ఆ ఏడాది మార్చిలోనే ఉమ్మడి కరెన్సీకి ఒప్పందం చేసుకున్నాయి. జూన్ దెబ్బకి కొన్ని నెలలు సౌదీ రియాల్ వాడుకుని, సెప్టెంబరులో ఖతార్-దుబాయ్ రియాల్ తెచ్చాయి. అబూధాబీ బహ్రెయిన్ దీనారు పట్టుకుంది. ఒమన్ ఒక్కటే 1970 దాకా రూపాయితో ఉండి, తర్వాత రియాల్ తెచ్చుకుంది, వెయ్యి బైసాలతో.

నేను కుర్చీలోంచి లేచి నిలబడిన చోటు ఇక్కడే. కొత్త ఖతార్-దుబాయ్ రియాల్ విలువ 0.186621 గ్రాముల బంగారం అని పెట్టారు. ఆ అంకె ఎక్కడిది? విలువ తగ్గించక ముందు మన రూపాయికున్న బంగారం అంత. అంటే జూన్ 5 నాటి రూపాయిని వాళ్ళు పేరు మార్చి అట్టే పెట్టుకున్నారు. 1973లో ఎమిరేట్స్ దిర్హాం వచ్చినప్పుడు, ఒక ఖతార్-దుబాయ్ రియాల్‌కి ఒక దిర్హాం ఇచ్చారు.

అంటే దిర్హాం మన పాత రూపాయే. ఒక తల్లి పిల్లలు. ఒకడు పెరిగిన చోట చమురు పడింది, రెండోవాడు అరవైకోట్లమంది, వందకోట్లమంది ఉన్న ఇంట్లో పెరిగాడు. ఒకప్పుడు సమానం, ఇప్పుడు ఒకడికి రెండోవాడు ఇరవై పైచిలుకు.

ఆ తర్వాత మా సైటు రేట్ల పట్టిక తెరిచి చూస్తే అది వేరేగా కనపడింది. డాలరుకి దిర్హాం 3.6725, ఖతార్ రియాల్ 3.64. పక్కపక్కనే, దాదాపు సమానం, కవలలు కాబట్టి. బహ్రెయిన్ దీనారుకి తొమ్మిది దిర్హాంల ముప్పావు. 1965 నాటి పది రూపాయలు కొంచెం అరిగి అలాగే ఉన్నాయి. కువైట్ దీనారుకి సుమారు పన్నెండు, పాత పదమూడూ చిల్లర దగ్గర్లోనే. రూపాయి వెళ్ళిపోయి అరవై ఏళ్ళవుతున్నా దాని నిష్పత్తులు ఇంకా ఈ దేశాల మధ్య తిరుగుతున్నాయి. నా కోడులో ఈ రేట్లు దాదాపు అన్నీ స్థిరాంకాలు. కువైట్ తప్ప మిగతావి డాలరుకి కట్టేసి ఉన్నాయి కాబట్టి రోజూ మార్చే పనిలేదు.

ఇక అసలు గొడవ. మా గోడౌన్‌లో ప్యాకింగ్ చేసే అన్న ఒకాయన జగిత్యాల నుంచి వచ్చాడు, పద్నాలుగేళ్ళయింది. ఒకరోజు నా డెస్కు దగ్గరికొచ్చి అడిగాడు. "అన్నా, గిన్ని దేశాల పైసలు సూపెడ్తున్నరు గదా, మన పైసలల్ల గూడ సూపియ్యరాదు?"

మనం ఇండియాకి పంపం కదన్నా, ఎందుకు అన్నాను.

"పంపకుంటేంది. కొనేటోళ్ళం ఉన్నం గదా."

నిజమే. ఫోన్ ఎక్కణ్ణుంచి తెరిచారో చూసి, ఆ దేశపు డబ్బు చూపించడం మా పద్ధతి. ఆయన దేరాలో ఉన్నాడు కాబట్టి దిర్హాంలు. కానీ ఆయన ఏ ధరనీ దిర్హాంల్లో చదవడు. చూసిన ప్రతి అంకెనీ మనసులో గుణిస్తాడు. నేనూ అంతే, మొదటి మూడేళ్ళు కాఫీ కూడా రూపాయల్లోనే తాగాను. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి ఇక్కడికొచ్చిన ఎంతమంది ఇదే లెక్క వేస్తూ ఉంటారో.

మేనేజర్‌ని అడిగితే వద్దన్నాడు. కారణం న్యాయమైనదే. ఆరు దేశాల రేట్లూ పెద్దగా కదలవు, రూపాయి మాత్రం రోజూ కదులుతుంది. పొద్దున చూపించిన ధర సాయంత్రానికి తప్పు. ఇంకొకటి, చూపించేది రూపాయలైనా వసూలు చేసేది దిర్హాంలే. తేడా వస్తే తిట్లు మాకు. 1966లో ఈ తీరం రూపాయిని వదిలేసింది కూడా ఇందుకే కదా, అది నిలబడదని. ఆయనకి ఆ కథ చెప్పాను. ఆసక్తిగా విని, మళ్ళీ వద్దన్నాడు.

రెండు నెలలు వెంటపడ్డాను. చివరికి ధర కింద చిన్న అక్షరాల్లో, 'సుమారు' అన్న మాటతో, నిండు వందలకి సర్ది, ఎవరైనా కోరుకుంటేనే రూపాయలు కనిపించేలా ఒప్పుకున్నాడు. వసూలు దిర్హాంల్లోనే అని అక్కడే రాశాం. తెలుగులో కూడా రాశాం. ఆ వాక్యం నేనే టైపు చేశాను. పొల్లు సరిగ్గా పడేవరకు నాలుగుసార్లు కొట్టాల్సి వచ్చింది.

పెట్టిన రోజు అన్న చూశాడు. ఇంటర్ చదివే కొడుక్కి ఫోన్ కొందామనుకుంటున్నాడు. మా సైటులో 899 దిర్హాంలు, కింద సుమారు ఇరవై వేల పైన. ఇంటికి ఫోన్ చేసి జగిత్యాల కొట్లో అడిగించాడు. అక్కడ వెయ్యిన్నర తక్కువ, బిల్లూ గ్యారంటీ కూడా ఊళ్ళోనే. ఇక్కడ కొనలేదు. డబ్బు పంపేశాడు.

మేనేజర్‌కి ఈ సంగతి నేను చెప్పలేదు. సైటులో రూపాయలు ఇంకా ఉన్నాయి.

ఆ సాయంత్రం ఇద్దరం గోడౌన్ వెనక కేఫటేరియాకి చాయ్ తాగడానికి వెళ్ళాం. అన్న ఇస్తానని పట్టుబట్టి జేబులు వెతుక్కున్నాడు. ఇక్కడి 25 ఫిల్సుల బిళ్ళని ఆయన మొదట్నుంచీ చారాణా అనే అంటాడు. మనూరి అలవాటు కొద్దీ అంటున్నాడనుకుని ఇన్నాళ్ళూ నవ్వేవాణ్ణి. దిర్హాం పాత రూపాయి అయినప్పుడు, అందులో నాలుగోవంతు నాలుగణాలే కదా.

"అన్నా, చారాణా తక్కువున్నది. ఉన్నదా నీకాడ?" అన్నాడు.

ఉంది, ఇచ్చాను.